పెంచల్ పగబట్టిన ఇద్దరు లక్సెంబర్గోళ్ళు

లోకంలో లక్సెంబర్గ్ అని ఒక దేశం ఉందని పెంచల్‌కి నలభయ్యో ఏట తెలిసింది. తెలిసిన వారానికే ఆ దేశమంటే ఒళ్ళు మండిపోయింది. అంత తొందరగా ఒక దేశం మీద పగబట్టిన మనిషి అన్నమయ్య జిల్లా మొత్తంలో ఇంకొకడు ఉండడు. పాపం ఆ దేశంలో ఉండేదే ఆరేడు లక్షల మంది. మన పాత కడప జిల్లా జనంలో పావు వంతు కూడా లేరు. వాళ్ళలో పెంచల్ చూసింది ఇద్దర్నే. మిగతా అందర్నీ చూడకుండానే తిట్టిపోశాడు. మనోడిది అంత పెద్ద మనసు.

పెంచల్‌ది పుల్లంపేట పక్క పల్లె. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. కోపం కూడా స్వామిదే వచ్చిందని వాళ్ళమ్మ మురిసిపోయేది. కువైట్‌కి వచ్చిన కొత్తల్లో సులైబియా తోటల్లో దోసకాయలు కోశాడు. ఆ తోట మేస్త్రీతో కొట్లాడి బయటపడి, అమ్ఘరాలో అబూ నాసర్ అనే కువైటీ ఆయన పాత ఇనుము యార్డులో చీపురు పట్టుకున్నాడు. అక్కడ క్రేన్ తోలే ముసలి పఠాన్‌కి రోజూ చాయ్ పోసి, కాళ్ళకాడ కూర్చుని, చూసి చూసి పని నేర్చాడు. ఇనప పంజాతో పాత కార్లని కోడిపిల్లల మాదిరి ఎత్తి పడేసే క్రేన్ అది. పఠాన్ ఊరికి పోయినాక ఆ సీటు పెంచల్‌ది అయింది.

ఆ సీటు విలువ తెలియాలంటే కింద గ్యాస్ కటింగ్ చేసేవాళ్ళని చూడాలి. మొహానికి గుడ్డ చుట్టుకుని ముందర నిప్పు, నెత్తిన ఎండ, మధ్యలో మనిషి మాడిపోతుంటాడు. పైన అద్దాల క్యాబిన్‌లో పెంచల్‌కి ఏసీ ఉంది, స్వామి పటం ఉంది, నిమ్మకాయ ఊరగాయ సీసా ఉంది. ఆ ఇనప మెట్లు ఎక్కితే మనోడు రాజు. దిగితే ఇఖామా కార్డు మీద ఒక నంబరు.

ఆ సీటుకే ఎసరు పెట్టారు.

అబూ నాసర్ కొత్త మిషన్ కొన్నాడు. లారీ చాసిస్‌ని వక్క కత్తిరించినంత సులువుగా కత్తిరిస్తుంది. దాన్ని బిగించి నడిపి చూపించడానికి లక్సెంబర్గ్ నుంచి ఇద్దరు దిగారు. పెద్దాయన థిల్. తెల్ల మీసం, ఎప్పుడూ ఎర్రగా ఉడికిపోయే మొహం, తాత ముత్తాతల కాలం నుంచి ఉక్కు ఫ్యాక్టరీలోనే బతికిన వంశం. చిన్నోడు లూక్. వాడు నవ్వితే కోపం తెచ్చుకోవడం కష్టం, అయినా పెంచల్ తెచ్చుకున్నాడు.

అబూ నాసర్ అందరి ముందర తేల్చేశాడు. "మిషన్‌కి ఇనుము అందించే క్రేన్ మీద ఎవరు కూర్చోవాలో థిల్ చెప్తాడు. పెంచల్ కుదిరితే పెంచల్. కుదరకపోతే ఈజిప్టు నుంచి ఒకడొస్తాడు, పెంచల్ కిందకి దిగి కటింగ్ చేస్తాడు. ఖలాస్."

మొదటి రోజే చెడింది. పెంచల్ కుప్పలోంచి ఇనుము ఎత్తి, మిషన్ దాకా తెచ్చి, పంజాని రెండుసార్లు గట్టిగా విదిలించి పడేశాడు. అది పఠాన్ నేర్పిన పద్ధతి. పాత ఇనుములో మన్ను ఉంటుంది. కుప్పకాడ విదిలిస్తే కింద కటింగ్ చేసేవాళ్ళ నెత్తిన పడుతుందని పక్కకి తెచ్చి విదిలించేవాడు ఆ ముసలాయన. ఇప్పుడు కటింగ్ వాళ్ళని యార్డు ఆ చివరికి మార్చేశారు. కానీ చేతికి అలవాటు పోతుందా? మిషన్ మీద మేకులు, బోల్టులు, మన్ను కుంకుమ చల్లినట్టు రాలాయి.

"నో షేక్!" అని థిల్ అరిచాడు.

పెంచల్ అద్దం జరిపి, కాటా దగ్గర పనిచేసే జిలానీ బాషాని కేకేశాడు. జిలానీది రాయచోటి. ఇంటర్ దాకా చదివాడు, మహబూలాలో పెంచల్ రూమ్మేటు, యార్డులో ఇంగ్లీషుకి దిక్కు.

"ఏమంటాండాడప్పా ఆ ఎర్రమొగమోడు?"

"విదిలించొద్దంటాండాడు మామా."

"విదిలించకుండా మన్నుతో పాటు ఏయాల్నా? రేపు కత్తి మొద్దుబారితే నామీదికే తోస్తాడు. నన్ను దింపేదానికి ప్లానేసినాడు వీడు. చెప్పు, నేను ఇట్లనే ఏస్తానని చెప్పు!"

జిలానీ థిల్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఆలోచిస్తాడంట" అన్నాడు.

అలా మొదలైంది. రోజూ థిల్ "నో షేక్" అంటాడు, రోజూ పెంచల్ ఇంకొంచెం గట్టిగా విదిలిస్తాడు. కానీ అసలు కాలింది అక్కడ కాదు. మాటల దగ్గర.

ఆ ఇద్దరికీ ఎన్ని నాలుకలున్నాయో పెంచల్‌కి అంతు చిక్కలేదు. అబూ నాసర్‌తో ఇంగ్లీషు. లెక్కలు చూసే లెబనాన్ ఆయనతో ఫ్రెంచి, అదీ గలగలా. మిషన్ కంపెనీకి ఫోన్ చేస్తే జర్మన్. లూక్ వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఇంకేదో, పోర్చుగీసంట, అదేందో పాట పాడినట్టు ఉంటుంది. ఇవన్నీ కాక వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది వేరే. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉండే మాట. పొద్దున ఎదురుపడితే "మొయెన్", మధ్యాన్నం "మొయెన్", పొద్దుగూకి కూడా "మొయెన్".

సరే, ఎన్నైనా మాట్లాడుకోనీ. కానీ పెంచల్ దగ్గరికి రాగానే ఆ చేపముల్లు మాట ఠక్కున ఆపి, ఇద్దరూ ఇంగ్లీషులోకి దూకేవాళ్ళు. ప్రతిసారీ అంతే. మనోడు నీళ్ళ కోసం వచ్చినా ఇంగ్లీషు. ఊరికే పక్కన నిలబడినా ఇంగ్లీషు.

మన రూముల్లో ఎట్లుంటుంది? నలుగురం తెలుగులో వాగుతుంటాం. బెంగాలీ వాడొచ్చి కూర్చుంటాడు. మనం తెలుగులోనే వాగుతాం, వాడు బీడీ తాగి పోతాడు. ఎవరూ భాష మార్చరు. ఒకవేళ ఎవడైనా మార్చాడంటే, అంతకుముందు దాకా ఆ వచ్చినోణ్ణే తిడుతున్నాడని అర్థం. పెంచల్‌కి ఇది పట్టపగలంత స్పష్టం.

శుక్రవారం ఫోన్‌లో భార్యకి చెప్పుకున్నాడు. వెంకటేశ్వరి సాల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి.

"నన్ను జూస్తానే మాట మారుస్తాండారు మే. నా సీటు గురించే మాట్లాడుకుంటాండారు దొంగనాయాళ్ళు."

"నీ ముందర వాళ్ళ భాషలోనే తిడితే నీకేమన్నా తెలుస్తాదా?"

"తెల్దు."

"మరి ఇంగ్లీషులోకి మారిస్తే?"

"ముక్కా చెక్కా తెలుస్తాది."

"దాచిపెట్టే వోళ్ళు తెలిసే భాషలోకి యాల మారుస్తారయ్యా? మా ఇంటి యజమానురాలు మామా ఉండాది గదా, దాచుకునే మాటేదన్నా ఉంటే, ఫ్రిజ్ పక్కన నేనున్నా సరే ఇంగ్లీషులో మాట్లాడుతాది. నన్ను తిట్టేటప్పుడు మాత్రం నాకు తెలిసే అరబీలోనే తిడ్తాది."

పెంచల్, "నువ్వు వాళ్ళ పార్టీనా?" అని ఫోన్ పెట్టేశాడు.

అదే అనుమానం జిలానీకి చెప్తే వాడి కళ్ళు మెరిశాయి. తమాషా దొరికితే అన్నం కూడా మర్చిపోయే రకం వాడు.

"మామా, వాళ్ళ భాష నేర్చుకో. గుట్టుగా నేర్చుకో. ఒక రోజు అందరి ముందర వాళ్ళ భాషలోనే అడిగెయ్. అట్టే రాలిపోతారు."

"ఏ భాష రా అది?"

"జర్మనే. ఫోన్‌లో గూటెన్ టాగ్ అంటాండాడు గదా. తెల్లోడు, ఎర్రమొగం, మిషన్ల పని. జర్మన్ కాకుంటే ఇంకేముంటాది?"

జిలానీ పాపం అబద్ధం చెప్పలేదు. వాడికీ అంతే తెలుసు. ఫోన్‌లో జర్మన్ నేర్పే యాప్ ఒకటి ఎక్కించి ఇచ్చాడు. రూములో డబ్బాల మీద తెలుగు అక్షరాల్లో జర్మన్ పేర్లు రాసి అంటించాడు. నీళ్ళ క్యాన్ మీద వాసర్. చక్కెర మీద త్సుకర్. ఉప్పు మీద జాల్త్స్. బియ్యం మూట మీద రైస్.

"రైసేందిరా, ఇది ఇంగ్లీషు గదా?"

"జర్మన్లో గూడా అంతే మామా."

"మరి కొత్త భాష యాల పెట్టుకున్నారు, ఉండేదానితో సరిపెట్టుకోక?"

ఎండలు ముదిరేదాకా పెంచల్ క్యాబిన్‌లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జర్మన్ వల్లించాడు. కింద తిరిగేవాళ్ళకి, క్రేన్ మీద ఎవడో దయ్యం పట్టి గొణుగుతున్నట్టు కనిపించేది. రూములో పప్పు తిప్పుతూ అంకెలు లెక్కపెట్టేవాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే చెవి రిక్కించి వినేవాడు. అక్కడో మాట, ఇక్కడో మాట తగిలేది. "క్రాన్" అంటే క్రేన్. "మాన్" అంటే మనిషి. మిగతాదంతా జారిపోయేది. మొయెన్ మాత్రం యాప్‌లో ఎంత వెతికినా దొరకలేదు.

"యాస ఎక్కువ వీళ్ళకి," అని జిలానీ తీర్పిచ్చాడు. "నువ్వు మాట్లాడితే విజయవాడోళ్ళకి అర్థమైతాదా? అట్లనే."

పెంచల్‌కి ఆ మాట నచ్చింది. క్రేన్, మనిషి. ఇంకేం కావాలి? తన గురించే.

మిషన్ ట్రయల్ రోజు వచ్చింది. అబూ నాసర్ కాళ్ళదాకా ఉండే తెల్ల దిష్‌దాషా వేసుకుని, నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఈ రోజు తేలిపోవాలన్నాడు. మిషన్ పక్కన థిల్, లూక్ వాళ్ళ భాషలో ఏదో వాదించుకుంటున్నారు. పెంచల్ క్యాబిన్ దిగి వచ్చాడు. చూడగానే ఇద్దరూ ఇంగ్లీషులోకి మారారు.

అప్పుడు పెంచల్ ఛాతీ విరిచి, గొంతు సవరించుకుని, యార్డంతా వినేటట్టు అన్నాడు:

"ఇష్ ఫెర్‌ష్టేయె ఆలెస్! ఇష్ ష్ప్రెషె ఈరె ష్ప్రాఖె!"

నాకంతా అర్థమౌతుంది, మీ భాష నాకొచ్చు అని. ఎన్ని రోజులు క్యాబిన్‌లో నమిలి మింగాడో ఆ రెండు ముక్కలు.

లూక్ చేత్తో నోరు మూసుకున్నాడు. థిల్ మొహంలో మామూలు ఎరుపు పోయి వంకాయ రంగు దిగింది. భయపడ్డాడని పెంచల్ ఒక్క క్షణం పొంగిపోయాడు. అది భయం కాదు.

"ఎవరి భాష?" అన్నాడు థిల్ ఇంగ్లీషులో, నిదానంగా. "జర్మన్ నా భాష అన్నావా?"

జిలానీ తెలుగు చేశాడు. పెంచల్, "అవును, నీదే, దాచుకుంటాండావు గదా" అన్నాడు.

థిల్ ఒక అడుగు ముందుకేశాడు. జిలానీ ఒక ముక్క వెనక ఒక ముక్క చెప్పుకుంటూ పోయాడు. "మా తాత కాలంలో యుద్ధమొచ్చి జర్మన్లు మా దేశాన్ని ఆక్రమించినారంట. మీ మాటొక భాషే కాదు, మీరు జర్మన్లే అన్నారంట. ఫ్రెంచి మాట్లాడొద్దన్నారంట. జనాభా లెక్కకి వొచ్చి మీ భాషేందని అడిగితే, జనం లక్సెంబర్గ్ భాష అని రాసినారంట. మీ జాతేందంటే అదే, మీ దేశమేదంటే అదే. అట్ల రాసినోళ్ళ మనవణ్ణి నేను, నా మొగం మీదికొచ్చి నీ భాష జర్మన్ అంటావా, అంటాండాడు మామా."

"మరి ఫోన్లో జర్మన్ మాట్లాడుతాడే?"

దానికి లూక్ చెప్పాడు. బళ్ళో మొదట అక్షరాలు జర్మన్లోనే దిద్దిస్తారంట. పెద్దయ్యాక ఫ్రెంచి. కోర్టు చట్టాలన్నీ ఫ్రెంచిలోనే. ఇంట్లో, దోస్తులతో, వీధిలో మాత్రం వాళ్ళ భాష. లూక్ వాళ్ళమ్మ పోర్చుగల్ నుంచి వచ్చింది కాబట్టి వాడికి అదొకటి.

"ఏ భాషో నాకెందుకప్పా!" పెంచల్ తగ్గలేదు. "నేను రాంగానే మాట మారుస్తారు. నన్ను తిడతాండారు గాబట్టే గదా? అడుగు, తిట్టినారా లేదా?"

లూక్ నిజం చెప్పే రకం. "తిట్టాం," అన్నాడు. "రోజూ ఈయన నిన్ను తిడతాడు. కానీ నువ్వొచ్చాక ఇంగ్లీషులోకి మారతాం. భాష రాని మనిషి పక్కనుంటే మన భాషలోనే మాట్లాడుకోవడం మా దగ్గర మర్యాద కాదు."

జిలానీ చెప్పింది విని పెంచల్ మళ్ళీ అందుకున్నాడు. "అంటే నన్ను తిడతా తిడతా, నేను రాంగానే నాకు మర్యాద చేస్తాండారా? ఇదేం మర్యాదరా నాయనా, పాయసంలో ఉప్పేసినట్టు!"

ఈ గోలంతా అర్థం కాక అబూ నాసర్‌కి విసుగొచ్చింది. కుర్చీలోంచే చెయ్యూపి, "యా మద్రాసీ! ఆయన్నేమన్నావు? యల్లా, పని చూడు!" అన్నాడు.

అబూ నాసర్‌కి మనసు బాగున్నప్పుడు పెంచల్, బాగలేనప్పుడు మద్రాసీ. ఇన్నేళ్ళూ మనోడు దాన్ని మందుబిళ్ళ మాదిరి మింగేశాడు. ఆ రోజు గొంతు అప్పటికే నిండిపోయి ఉంది, దిగలేదు.

"మూ మద్రాసీ!" అని, మద్రాసీని కాదని అరబీలో గావుకేక పెట్టాడు. "అనా తెలుగు! తెలుగు! మద్రాసు నా ఊరు గాదు, ఆ భాష నాది గాదు!"

వీసా ఇచ్చి పని పెట్టుకున్న కఫీల్ మీదే అరిచాడు. కటింగ్ వాళ్ళు కూడా నిప్పు ఆర్పేసి చూస్తున్నారు. జిలానీ తల పట్టుకున్నాడు. పెంచల్‌కి తన సీటు, ఏసీ, ఊరగాయ సీసా అన్నీ ఒక్కసారే విమానం ఎక్కి పోతున్నట్టు కనిపించాయి.

అబూ నాసర్ తిట్టలేదు. ఇంతమంది ముందర అరిచినోణ్ణి ఏం చెయ్యాలో తోచక, థిల్ వైపు తిరిగి, "చెప్పు, ఈజిప్టోణ్ణి పిలవమంటావా?" అన్నాడు.

థిల్ ముందు ఈ అరుపు ఏందని లూక్‌ని అడిగాడు. లూక్ జిలానీని అడిగాడు. జిలానీ చెప్పాడు, "మద్రాసు పక్క రాష్ట్రంలోది సార్. అక్కడి భాష వేరే. మావోణ్ణి మద్రాసీ అంటే, మిమ్మల్ని జర్మన్ అన్నట్టే."

అది విన్నాక థిల్ మెత్తబడతాడని జిలానీ అనుకున్నాడు. ఎందుకు మెత్తబడతాడు? ఇంకా మండిపోయాడు.

"అంటే ఎంత కాలుతుందో నీకు తెలుసు! తెలిసి కూడా నన్ను అన్నావు!"

ఆ తర్వాత ఆయన నోట్లోంచి ఇంగ్లీషు ఊడిపోయింది. మర్యాద కూడా దాంతోనే పోయింది. పెంచల్ కళ్ళలోకి చూస్తూ, తన సొంత భాషలో, తాత ముత్తాతల భాషలో వరదకట్ట తెగినట్టు తిట్టాడు. ఇన్నాళ్ళూ "నో షేక్" అని రెండు ముక్కలు రాయి విసిరినట్టు విసిరేవాడు. ఇప్పుడు ఒళ్ళంతా మాట్లాడింది. రెండు చేతులూ పంజాలా చేసి కుప్ప దగ్గరికి పరిగెత్తాడు. గాల్లోంచి ఇనుము ఎత్తినట్టు ఎత్తి, అక్కడే ఒళ్ళంతా దడదడలాడించాడు, మీసంతో సహా. తర్వాత నిండుచూలాలి మాదిరి మెల్లగా నడుచుకుంటూ మిషన్ దాకా వచ్చి, ఊపిరి కూడా బిగబట్టి, చేతులు మెత్తగా విప్పాడు. మళ్ళీ పరిగెత్తాడు. మళ్ళీ దడదడలాడాడు.

పెంచల్ చూశాడు. చూస్తూ చూస్తూ వాడి కోపం వేరే దారి పట్టింది.

"ఓరి నీ యబ్బ! ఆడ విదిలించి ఈడికి తెమ్మంటాండావా? ఆ మాట చెప్పేదానికి ఇన్ని రోజులా? నో షేకంట నో షేకు! నీ ఇంగ్లీషుకి పాడె గట్టా! ఎర్రమొగమా, మొదటి రోజే ఈ ఆట ఆడుంటే నీ సొమ్మేం పోయిండేది?"

థిల్‌కి ఒక్క అక్షరం అర్థం కాలేదు. కానీ పెంచల్ చేతులు కుప్ప వైపు, మిషన్ వైపు తిరగడం చూశాడు. "యో! యో!" అని అరిచాడు. అంటే అవును అని, అది ఎవరికైనా తెలుస్తుంది.

పెంచల్ మెట్లెక్కాడు. కటింగ్ వాళ్ళు దూరంగా ఉన్నారా అని ఒకసారి చూసుకున్నాడు. కుప్ప మీదే పంజాని విదిలించాడు, యార్డు అదిరిపోయేటట్టు. మన్నంతా అక్కడే రాలింది. తర్వాత మెల్లగా తిప్పి, మిషన్ నోట్లో ఇనుము దించాడు. చప్పుడు కూడా రాలేదు. కత్తి దిగింది. చాసిస్ రెండు ముక్కలైంది. మళ్ళీ. మళ్ళీ. పొద్దు నెత్తి మీదికొచ్చేదాకా మిషన్ ఆగలేదు.

అబూ నాసర్ లేచి దిష్‌దాషా దులుపుకున్నాడు. "అయితే ఎవరు?"

థిల్ ఇంగ్లీషులోకి వచ్చాడు, కఫీల్‌కి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి కదా. "ఈయనకి బుద్ధి లేదు, సిగ్గు లేదు, తల లోపల కూడా పాత ఇనుమే ఉంది. సీటు ఈయనకే. ఇంకొకడొస్తే నేను మొదటి నుంచి తిట్టుకుంటూ రావాలి, నాకు వయసైపోయింది."

ట్రయల్ కోసం ఇచ్చిన వాకీటాకీలో జిలానీ తీర్పు వినిపించాడు. పెంచల్ థాంక్స్ చెప్పలేదు. "ముందు ఆ కుర్చీ తీపియ్, పంజా తిరిగే దారిలో ఉండాది" అన్నాడు. కుర్చీ అబూ నాసర్‌ది. జిలానీ తీసేశాడు.

ఆ రోజు నుంచి పెంచల్ దగ్గరికొచ్చినా థిల్ భాష మార్చడం మానేశాడు. లూక్ మాత్రం పాత అలవాటు వదలక ఇంగ్లీషులోకి మారేవాడు, పెద్దాయన వాణ్ణి కూడా కసిరేవాడు. వాకీటాకీలో పొద్దంతా చేపముల్లు మాట గరగరలాడేది. పెంచల్ కూడా తక్కువ తినలేదు. బటన్ నొక్కి పుల్లంపేట తెలుగులో, వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నవి, పఠాన్ ముందర కూడా ఎప్పుడూ వాడనివి, ఒక్కొక్కటే తీసి వడ్డించేవాడు. ఒకడు తిడితే పంజా కుడికి, ఇంకొకడు తిడితే ఎడమకి. ఇనుము మాత్రం గురి తప్పకుండా మిషన్ నోట్లోనే పడేది.

ఒక మధ్యాన్నం అబూ నాసర్ కాటా దగ్గరికొచ్చి ఆ రేడియో గోల విన్నాడు. రెండు వైపుల నుంచీ అగ్గి కురుస్తోంది. ఆయనకి కొంచెం భయమేసింది.

"ఏమంటున్నారు వాళ్ళిద్దరూ?" అని జిలానీని అడిగాడు.

జిలానీ చెవి దగ్గర వాకీటాకీ పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. థిల్ మాటలు వాడికి తెలియవు. పెంచల్ మాటలు తెలిసినా చెప్పేవి కావు.

"పని మాటలే బాబా," అన్నాడు. "మిషన్ గురించి."

అబూ నాసర్ తలూపి, పంజా తిరిగే దారికి దూరంగా నడుచుకుంటూ పోయాడు.